ఒక్క దెబ్బకు చావని వీరుడు: బల్లమీది ఆటల్లో పోరాట నియమాల చరిత్ర

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో కల్పిత పాత్రను తమదిగా స్వీకరించి, ఆ పాత్ర ఏం చేయదలచుకుందో నోటిమాటగా చెబుతూ, ఫలితం ఎటూ తేలని చోట పాచికలు వేసి నిర్ణయించుకునే ఆటలను రోల్‌ప్లేయింగ్ గేమ్‌లు అంటారు. 1974 జనవరిలో అమెరికాలో అచ్చయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వీటికి ఆద్యం. ఈ ఆటల నియమగ్రంథాల్లో చాలావాటిని తెరిచి చూస్తే, సంభాషణకో సంచారానికో కేటాయించిన పేజీల కంటే పోరాటానికి కేటాయించినవే ఎక్కువగా కనిపిస్తాయి. దీన్ని హింస మీద మక్కువగా భావించేవారున్నారు గాని, అసలు కారణం వంశపారంపర్యంలో ఉంది. ఈ ఆట సైనికాధికారుల శిక్షణ కోసం పుట్టిన యుద్ధక్రీడల కడుపున పుట్టింది, వాటి నుంచే పాచికలను, పట్టికలను, అంపైర్‌ను వారసత్వంగా తెచ్చుకుంది. పోరాటాన్ని నియమాల్లో పెట్టదలచిన వారెవరైనా మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: దెబ్బ తగిలిందా, తగిలితే నష్టమెంత, ఆ నష్టం ఎప్పుడు చావుగా మారుతుంది. మొదటి రెండింటికీ పందొమ్మిదో శతాబ్దపు ప్రష్యా సైనికులు జవాబు కనిపెట్టగా, మూడోదానికి సరైన జవాబు దొరకడానికి మరో నూట యాభై ఏళ్లు పట్టింది.

వీటన్నిటికీ మూలంలో చదరంగం ఉంది. రథ, గజ, తురగ, పదాతి దళాల పేర చతురంగంగా భారతదేశంలో రూపుదిద్దుకుని, ఏడో శతాబ్దపు బాణుడి హర్షచరితంలో ప్రస్తావనకు వచ్చి, పారశీకుల, అరబ్బుల చేతుల మీదుగా ఐరోపా చేరిన ఈ ఆటలో పోరాటమన్నది అసలు సందేహానికి తావులేని వ్యవహారం. ఎత్తు వేసిన బంటు ఎదుటి మంత్రిని కూడా నిశ్చయంగా చంపుతుంది, చనిపోయిన పావు పూర్తిగా పటం విడిచి వెళ్లిపోతుంది. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో గణితం బోధించిన యోహాన్ క్రిస్టియన్ లుడ్విగ్ హెల్విగ్ 1780లో ప్రచురించిన యుద్ధక్రీడ, పటాన్ని 1,617 గళ్లకు పెంచి, కొండ, నది, అడవి, ఊరు అని గళ్లకు వేర్వేరు రంగులు వేసినా, పోరు తేల్చే పద్ధతిలో చాలావరకు చదరంగం దారిలోనే నడిచింది. నిజమైన యుద్ధం చూసిన వారికి ఇది లోపంగా తోచడం సహజం.

ఆ లోపాన్ని పూరించిన వారు రైస్విట్జ్ తండ్రీకొడుకులు. తండ్రి గేయోర్గ్ లియోపోల్డ్ ఫాన్ రైస్విట్జ్ గళ్లను వదిలేసి, నేల ఎగుడుదిగుళ్లను అచ్చుగుద్దిన దిమ్మెలతో పేర్చుకునే బల్లనొకదాన్ని తయారుచేయించి 1812లో ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్‌కు సమర్పించగా, ఫిరంగిదళంలో లెఫ్టినెంట్‌గా ఉన్న కొడుకు దాన్ని 1824 నాటికి సైనికులు వాడుకోదగిన పద్ధతిగా మార్చాడు. 1:8000 కొలతలో గీసిన పటం మీద చిన్న దిమ్మెలు దళాలకు ప్రతినిధులుగా కదులుతాయి. ఒక్కో వంతు రెండు నిమిషాల యుద్ధకాలానికి సమానం. రెండు పక్షాలూ తమ ఆజ్ఞలను కాగితం మీద రాసి మధ్యవర్తికి అందిస్తాయి, శత్రువు కంట పడగలిగిన దళాలను మాత్రమే అతను పటం మీద ఉంచుతాడు. కాల్పుల ఫలితం కోసం కుర్ర రైస్విట్జ్ ప్రత్యేకంగా పాచికలు చేయించాడు. దూరాన్ని బట్టి, నేలను బట్టి, బలాబలాల నిష్పత్తిని బట్టి ఏ పాచిక వేయాలో, దాని ఏ ముఖం పడితే ఎంతమంది పడిపోయినట్టో ముందే గుణించి ఉంచాడు. ఈ గుణింతం ఊహాగానం కాదు, షార్న్‌హోర్స్ట్ అనే సేనాని తుపాకుల మీద, ఫిరంగుల మీద జరిపించిన పరీక్షల లెక్కలు దీనికి ఆధారం. దెబ్బ తగలడం సంభావ్యతకు సంబంధించిన విషయమని, నష్టం కొద్దికొద్దిగా పోగుపడుతుందని, ఒక దళం పూర్తిగా నశించకుండానే బలహీనపడగలదని ఒక ఆట ఇంత పద్ధతిగా చెప్పడం అదే మొదలు. సైన్యాధ్యక్ష కార్యాలయానికి అధిపతిగా ఉన్న ముఫ్లింగ్ ఈ ఆట చూసి, ఇది ఆట కాదు, యుద్ధ శిక్షణ అని మెచ్చుకుని సైన్యమంతటికీ సిఫారసు చేశాడు. ఇంతటి పని చేసిన ఆ యువకుడు 1827లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆధునిక యుద్ధక్రీడల చరిత్రలో అతనికి దక్కవలసిన స్థానం సైనిక చరిత్రకారుల పుస్తకాల్లో తప్ప ఆటగాళ్ల నోట నేటికీ సరిగా వినిపించదు.

పట్టికలు పెరిగేకొద్దీ ఆట నెమ్మదించింది. రెండు నిమిషాల యుద్ధాన్ని తేల్చడానికి అంతకు ఎన్నో రెట్ల సమయం లెక్కల్లో గడిచిపోతుంటే, అధికారులు విసుగెత్తి ఆటకు దూరం కాసాగారు. యుద్ధాలలో ఆరితేరిన వెర్దీ దు వెర్నోయిస్ 1876లో దీనికి తెగింపుతో కూడిన చికిత్స సూచించాడు: పాచికలూ పట్టికలూ పక్కన పెట్టి, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి ఫలితమేమిటో చెప్పేస్తే సరిపోతుందన్నాడు. దీనికి స్వేచ్ఛా యుద్ధక్రీడ అని పేరు వచ్చింది. నియమం నిష్పాక్షికమైనదే కాని నెమ్మది, మనిషి తీర్పు వేగవంతమే కాని అతని అనుభవాన్ని, నిజాయితీని నమ్ముకోవాలి. బల్లచుట్టూ ఆడే ఆటల్లో నియమం ఎక్కడ ఆగాలి, మధ్యవర్తి ఎక్కడ మొదలవ్వాలి అన్న తగవు నేటికీ తీరలేదంటే, అది వెర్దీ నాటి నుంచి నడుస్తున్న తగవే.

అమెరికా సైనికాధికారి చార్లెస్ టాటెన్ 1880లో ప్రచురించిన స్ట్రాటెగోస్ అనే యుద్ధక్రీడా గ్రంథం ఈ రెండు ధోరణులనూ కలుపుకుంది. ఆటగాడు దేన్నైనా ప్రయత్నించవచ్చు, అది సాధ్యమా కాదా అన్నది మధ్యవర్తి తేల్చాలి అన్న భావన అందులో ఉంది. ఆ పుస్తకం దాదాపు తొంభై ఏళ్ల తరువాత ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒక విద్యార్థి కంట పడి కొత్త జన్మ ఎత్తింది. ఈ లోగా ఆట సైనికుల చేతుల నుంచి సామాన్యుల చేతుల్లోకి వచ్చింది. 1913లో హెచ్.జి. వెల్స్ లిటిల్ వార్స్ అనే పుస్తకంలో పాచికలకు బదులు బొమ్మ ఫిరంగితో బొమ్మ సైనికులను పడగొట్టే పద్ధతి చెప్పాడు. అది సరదా అయినదే గాని నియమాల చరిత్రలో వెనకడుగు.

ఈ కథకు అంతకంటే ముఖ్యమైన మలుపు సముద్రం మీద జరిగింది. 1898లో ఫ్రెడ్ జేన్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు రూపొందించిన నౌకాయుద్ధ క్రీడలో ఒక్కో ఓడకు ఒక్కో చీటీ ఉండేది, దాని మీద ఓడ బొమ్మను భాగాలుగా విభజించి, ఉక్కు కవచం మందాన్ని శ్రేణులుగా గుర్తించేవారు. ప్రపంచ నౌకాదళాల వివరాలతో నేటికీ ఏటా వెలువడే జేన్ గ్రంథం ఆ ఆటకు తోడుగా పుట్టిందే. 1940లో ఫ్లెచర్ ప్రాట్ అనే అమెరికన్ రచయిత ప్రచురించిన నౌకాక్రీడ ఇంకొక అడుగు ముందుకు వేసి, ఓడ పరిమాణం, కవచం, ఫిరంగులు, వేగం అన్నిటినీ ఒక సూత్రంలో కలిపి, ఓడ మొత్తం విలువను ఒక సంఖ్యగా తేల్చింది. దెబ్బ తగిలినప్పుడల్లా ఆ సంఖ్య తగ్గుతుంది, తగ్గిన మేరకు ఓడ వేగమూ ఫిరంగులూ కోల్పోతుంది, సున్నాకు చేరితే మునిగిపోతుంది. భూయుద్ధంలో దళం వేలమంది సముదాయం కాబట్టి నష్టమంటే తలల లెక్క. ఓడ మాత్రం ఒక్కటే వస్తువు, అయినా అది ఒక్క గుండుకు మునిగిపోదు. ఒకే వస్తువు అనేక దెబ్బలకు ఓర్చుకుంటుందన్న భావన ఆటల్లోకి వచ్చింది ఇలా నౌకల ద్వారానే. చార్లెస్ రాబర్ట్స్ 1954లో టాక్టిక్స్ అనే ఆటతో మొదలుపెట్టి ఆవలాన్ హిల్ సంస్థ ద్వారా అమ్మిన అట్టపెట్టె యుద్ధక్రీడలు అమెరికన్ యువకుల్లో యుద్ధక్రీడాభిరుచిని విస్తరింపజేశాయి గాని, అక్కడ బలాల నిష్పత్తి చూసి పాచిక వేసే ఫలిత పట్టిక దళాన్ని వెనక్కి నెట్టడమో తొలగించడమో చేసేదే తప్ప వ్యక్తికి అందులో చోటు లేదు.

1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ రాసిన చెయిన్‌మెయిల్ అనే చిన్న పుస్తకం మధ్యయుగపు పోరాటాలకు మూడు వేర్వేరు కొలబద్దలు ఇచ్చింది. మొదటిదానిలో ఒక బొమ్మ ఇరవై మంది సైనికులకు సమానం. రెండోదానిలో ఒక బొమ్మ ఒక్క మనిషి: ఏ ఆయుధంతో ఏ కవచాన్ని కొడుతున్నారో పట్టికలో చూసి, రెండు పాచికల మొత్తం అక్కడి సంఖ్యకు చేరితే ఎదుటివాడు చచ్చినట్టే. మూడోది కాల్పనిక కథల కోసం చేర్చిన అనుబంధం. అందులో హీరో అనే పాత్ర నలుగురు సైనికుల పెట్టుగా పోరాడతాడు, అతన్ని చంపాలంటే ఒకే వంతులో నాలుగు దెబ్బలు ఒక్కసారిగా తగలాలి. మూడు దెబ్బలు తగిలితే అతనికి ఏమీ కానట్టే, తరువాతి వంతులో మళ్లీ మొదటి నుంచి లెక్క. వీరుడంటే ఇక్కడ ఇంకా ఒక చిన్న దళమే.

సరిగ్గా అదే కాలంలో మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల యుద్ధక్రీడాకారులు మరో ప్రయోగంలో మునిగి ఉన్నారు. టాటెన్ పుస్తకం చదివిన డేవిడ్ వెస్లీ 1969లో బ్రౌన్‌స్టైన్ అనే ఆట నడిపాడు. నెపోలియన్ కాలపు జర్మన్ పట్టణంలో సేనానులతో పాటు మేయరు, విద్యార్థి నాయకుడు వంటి వ్యక్తులను కూడా ఆటగాళ్లకు ఇచ్చి, వాళ్లు ఏం చేయాలనుకుంటే అది చేయనిచ్చి, ఫలితాన్ని తానే చెప్పాడు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ 1971లో ఈ పద్ధతిని బ్లాక్‌మూర్ అనే కల్పిత సీమకు తీసుకువెళ్లి, ఆటగాళ్లను కోట అడుగున ఉన్న నేలమాళిగల్లోకి దింపాడు. ఒక్కో ఆటగాడు వారం వారం అదే పాత్రను ఆడుతూ, దానికి పేరు పెట్టుకుని, సంపాదించినది దాచుకుంటూ ఉండటంతో, ఎన్నడూ లేని ఇబ్బంది ఒకటి ఎదురైంది. చెయిన్‌మెయిల్ పట్టిక ప్రకారం పాచిక ఒక్కసారి కలిసిరాకపోతే ఆ పాత్ర చచ్చిపోతుంది. రాక్షసులను ఒక్క వేటుకు చంపడానికి ఆటగాళ్లకు అభ్యంతరం లేదు గాని తమ పాత్ర అలా పోవడం మాత్రం వారు సహించలేకపోయారని ఆర్నెసన్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. పరిష్కారానికి అతను అమెరికా అంతర్యుద్ధపు ఇనుప కవచ నౌకల కోసం తానే అంతకు ముందు రాసుకున్న నియమాలను ఆశ్రయించాడు. ఓడకు ఉన్నట్టే మనిషికీ ఒక ప్రాణసంఖ్య, ఓడ కవచానికి ఉన్నట్టే మనిషి కవచానికీ ఒక శ్రేణి వచ్చాయి. ఆటల భాషలో హిట్ పాయింట్లు, ఆర్మర్ క్లాస్ అని స్థిరపడిన రెండు భావనల పుట్టుక ఇదీ. ఈ పరంపరలో అసలైన ఆవిష్కరణ ఏదంటే ఇదేనని చెప్పాలి. ఒకేసారి తగలవలసిన నాలుగు దెబ్బలు, వంతు వంతుకూ పోగుపడే దెబ్బలుగా మారిన క్షణంలో, దళం స్థానంలో మనిషి పుట్టాడు.

ఆర్నెసన్ 1972 చివర గైగాక్స్ నివసించే లేక్ జెనీవా పట్టణానికి వెళ్లి తన ఆట చూపగా, దాన్ని రాతలో పెట్టే భారాన్ని గైగాక్స్ తలకెత్తుకున్నాడు. మూడు సన్నని పుస్తకాల పెట్టెగా వేయి ప్రతులు అచ్చయిన ఆ తొలి డంజన్స్ అండ్ డ్రాగన్స్, పోరాటానికి చెయిన్‌మెయిల్ వాడుకోమని చెబుతూనే, అది వద్దనుకునేవారికి ప్రత్యామ్నాయం అంటూ ఒక చిన్న పట్టిక ఇచ్చింది. ఆ ప్రత్యామ్నాయమే అసలు నియమమై కూర్చుంది. దీన్ని ఒకసారి లెక్కగట్టి చూస్తేనే దాని పనితనం అర్థమవుతుంది. ఇరవై ముఖాల పాచిక వేయాలి. కవచమూ డాలూ లేనివాడి శ్రేణి 9, వాణ్ణి కొట్టడానికి మొదటి స్థాయి యోధుడికి, అంటే ఆటలో అప్పుడే అడుగుపెట్టినవాడికి, 10 గాని అంతకు మించి గాని పడాలి, అంటే 20లో 11 అవకాశాలు. పూర్తి ఉక్కు కవచమూ డాలూ ధరించినవాడి శ్రేణి 2, అక్కడ 17 దాటాలి లేదా 17 పడాలి, అంటే 20లో 4 మాత్రమే. చెయిన్‌మెయిల్ వాడిన రెండు ఆరు ముఖాల పాచికల మొత్తంలో 7 తరచుగా, 12 అరుదుగా పడతాయి కాబట్టి అక్కడ ఒక్కో మెట్టు విలువ ఒక్కో రకం. ఇరవై ముఖాల పాచిక మీద ప్రతి మెట్టూ కచ్చితంగా ఐదు శాతమే కాబట్టి, మంచి కవచానికో మంత్రించిన కత్తికో ఒకటి కలపడం, తీసివేయడం ఎవరికైనా నోటిలెక్కగా అందుతుంది.

ఇక నష్టం సంగతి. ఆ పుస్తకాల్లో ఏ ఆయుధమైనా ఆరు ముఖాల పాచిక పడినంత నష్టమే చేస్తుంది, మొదటి స్థాయి మాంత్రికుడి ప్రాణసంఖ్య కూడా అదే పాచిక ఒక్కసారి వేసి వచ్చినంతే. రెండు పాచికలకు గల 36 కలయికల్లో 21 చోట్ల నష్టం ప్రాణసంఖ్యకు సమానంగానో మించిగానో ఉంటుంది కాబట్టి, కవచం లేని ఆ మాంత్రికుడికి తగిలే ప్రతి దెబ్బా సగానికి పైగా ప్రాణాంతకమే. నాలుగో స్థాయికి ఎదిగిన యోధుడి ప్రాణసంఖ్య మాత్రం నాలుగు పాచికల మొత్తం, సగటున 14. పూర్తి కవచంలో ఉన్న అతన్ని ఒక సామాన్యుడు పడగొట్టాలంటే నాలుగైదు దెబ్బలు తగలాలి, ఐదు ప్రయత్నాల్లో ఒక్కటే తగులుతుంది కాబట్టి సుమారు ఇరవై సార్లు కత్తి విసరాలి. ఈ నాలుగో స్థాయి యోధుడికి ఆ పుస్తకం ఇచ్చిన బిరుదు హీరో, అంటే చెయిన్‌మెయిల్ నాటి నలుగురి పెట్టే. సంఖ్య అదే గాని అనుభవం పూర్తిగా మారింది. రెండు దెబ్బలు తిన్నవాడికి తన ప్రాణం ఎంత మిగిలిందో కాగితం మీద కనబడుతుంది, పోరాడాలా, పారిపోవాలా, మిత్రుణ్ణి పిలవాలా అని ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. ఈ సంఖ్య గాయాన్ని కొలవడానికి కాక నిర్ణయానికి గడువు ఇవ్వడానికి పుట్టిందని గ్రహించని విమర్శకులు, దాన్ని అవాస్తవమని నిందిస్తూ యాభై ఏళ్లు గడిపారు.

నియమాల రాతలో కొరతలు లేకపోలేదు. ఎవరు ముందు కొట్టాలన్న మౌలిక విషయమే ఆ మూడు పుస్తకాల్లో స్పష్టంగా లేదు. ప్రచురణ సంస్థ నడిపిన చిరుపత్రిక 1975లో సందేహాలకు సమాధానమిస్తూ, ఒంటరి హీరో మీద పది మంది ఆర్క్‌లు, అంటే కథల్లోని వికృత రాక్షసజాతివారు, విరుచుకుపడిన ఘట్టాన్ని వంతు వంతుగా నడిపి చూపవలసి వచ్చింది. అదే ఏడాది వచ్చిన గ్రేహాక్ అనే అనుబంధం ఆయుధానికో రకం నష్టాన్ని ఏర్పరచి, నాలుగు, ఎనిమిది, పన్నెండు ముఖాల పాచికలన్నిటికీ పని కల్పించింది. మరోవైపు అసంతృప్తులు కొత్త ఆటలుగా రూపుకట్టాయి. కెన్ సెయింట్ ఆండ్రే 1975లో రాసిన టనల్స్ అండ్ ట్రోల్స్‌లో ఇరుపక్షాలూ తమ పాచికలన్నీ ఒకేసారి వేసి మొత్తాలు పోలుస్తాయి, తేడా ఎంతో ఓడినవారికి నష్టం అంత. 1977 నాటి ట్రావెలర్‌లో ప్రత్యేకమైన ప్రాణసంఖ్యే లేదు, దెబ్బ నేరుగా పాత్ర బలాన్నీ చురుకుదనాన్నీ ఓర్పునీ తినేస్తుంది.

ఈ ప్రత్యామ్నాయాల్లో అన్నిటికంటే ఆలోచనాపూర్వకమైనది 1978 నాటి రూన్‌క్వెస్ట్. దాని పోరాట నియమాలకు మూలపురుషుడైన స్టీవ్ పెరిన్, మధ్యయుగపు పద్ధతిలో కవచాలు తొడిగి కర్రకత్తులతో నిజంగా తలపడే ఔత్సాహికుల సంఘంలో అనుభవం గడించినవాడు. అందువల్ల అతని ఆటలో కొట్టేవాడు తన నైపుణ్య శాతం చొప్పున పాచిక వేస్తే, కాచుకునేవాడు తన శాతం చొప్పున అడ్డుకోవచ్చు. అడ్డు తప్పితే దెబ్బ చేతికా, కాలికా, తలకా అన్నది మరో పాచిక చెబుతుంది. కవచం దెబ్బను తప్పించదు, నష్టంలో కొంత భాగాన్ని మింగుతుంది. ప్రతి అవయవానికీ వేరే ప్రాణసంఖ్య. ఇది నిజానికి దగ్గరైన చిత్రమనడంలో సందేహం లేదు, అయితే ఒక్క దెబ్బకు నాలుగైదు సార్లు పాచికలు వేయవలసి రావడంతో వెర్దీ నాటి సైనికాధికారుల విసుగే మళ్లీ ఎదురైంది. గైగాక్స్ 1979లో తన ఆటను నడిపించే మధ్యవర్తుల కోసం వెలువరించిన గ్రంథంలో, ప్రాణసంఖ్య అంటే కేవలం రక్తమాంసాలు కావని, నేర్పు, అదృష్టం, దైవానుగ్రహం కూడా అందులో కలిసి ఉన్నాయని సుదీర్ఘంగా వాదించాడు. వాదన బలమైనదే గాని, అదే గ్రంథం రౌండు అనే ఒక నిమిషపు వంతును పది ముక్కలుగా కోసి, ఆయుధానికీ కవచానికీ మధ్య సవరణల పట్టికలు పేర్చిన పరంపరను కొనసాగించడం చూస్తే, తాను సమర్థించిన సరళతను తానే పూర్తిగా నమ్మలేదనిపిస్తుంది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ తరువాతి కూర్పులు చేసినదంతా ప్రధానంగా దుమ్ము దులపడమే. కవచం మెరుగయ్యేకొద్దీ శ్రేణి సంఖ్య తగ్గే తలకిందుల లెక్క తొలి పుస్తకాల నుంచి కొనసాగుతూ వచ్చి, 1989 నాటి రెండో కూర్పులో శ్రేణి సున్నాను కొట్టడానికి కావలసిన సంఖ్య నుంచి ఎదుటివాడి శ్రేణిని తీసివేసే సూత్రంగా స్థిరపడింది. 2000లో మూడో కూర్పు దాన్ని తిరగేసి, పాచికకు నైపుణ్యం కలిపితే వచ్చిన మొత్తం కవచ సంఖ్యను అందుకోవాలన్న ఒకే వాక్యంగా మార్చింది, రౌండును ఆరు సెకన్లకు కుదించింది, ఐదడుగుల గళ్ల మీద బొమ్మలను నిలిపింది. 2014 నాటి అయిదో కూర్పు చిన్నాచితకా సవరణలను చాలావరకు తీసేసి, అనుకూల స్థితిలో ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి పెద్దది, ప్రతికూల స్థితిలో చిన్నది తీసుకునే పద్ధతి పెట్టింది. ఇన్ని మార్పుల్లోనూ ప్రాణసంఖ్య చెక్కుచెదరలేదు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఫోనులో యుద్ధపు ఆట ఆడుతున్న కుర్రవాడి తెర మీద, దెబ్బ తగిలినప్పుడల్లా కురచయ్యే ప్రాణరేఖ ఆ సంఖ్యకు వారసురాలే.

ఈ నియమాలు తెలుగులో పుస్తకరూపంలో చదువుకోవాలనుకునేవారికి ఇప్పుడు చట్టపరమైన అడ్డంకి కూడా తొలగిపోయింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో కూర్పు మౌలిక నియమాల పత్రాన్ని దాని ప్రచురణకర్తలు 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలాన్ని పేర్కొంటే చాలు, దాన్ని ఎవరైనా అనువదించి, మార్చి, అచ్చువేసి అమ్ముకోవచ్చు. పచ్చీసునూ చదరంగాన్నీ తరతరాలుగా ఆడిన వారి భాషలోకి ఆ పత్రాన్ని తేవడానికి నలుగురు సమర్థులైన అనువాదకులు పూనుకోవాలి.